ఏడు సోమవారాల చంద్రకళ వ్రతం

ఆ సోమవారం పొద్దున మమతారాణి మూడు పనులు చేయాలనుకుంది. నల్లా బందయ్యేలోగా డ్రమ్ము నింపాలి. బీడీలు చుట్టే తునికాకు తడిపి పెట్టాలి. అభిరామ్‌ను చంపాలి.

మొదటి రెండూ రోజూ చేసేవే. మూడోది మాత్రం తొమ్మిది వారాలుగా వాయిదా పడుతూ వస్తోంది.

అభిరామ్ ఆమెకు ఏమీ కాడు. టీవీలో రెండేళ్ళు నడిచిన ‘వెండి గడప’ సీరియల్లో నాయిక చంద్రకళ భర్త. ఒకరోజు అతను పడవలో నది దాటుతుంటే గాలివాన వచ్చింది. పడవ తిరగబడింది. నీళ్ళలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. మరునాడు అదే సమయానికి టీవీలో వంటల పోటీ మొదలైంది. సీరియల్ ఎందుకు ఆపేశారో, ఆ చెయ్యి ఏమైందో ఛానల్ వాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య బతికే ఆ వీధి ఆడవాళ్ళందరూ వారం రోజులు దిగులుగా తిరిగారు. మమతారాణి ఊరుకోలేక ఛానల్‌కు ఉత్తరం రాసింది. రెండేళ్ళు కూర్చుని చూసినవాళ్ళం, మమ్మల్ని అడగకుండా కథ ఆపడానికి మీరెవరు అని గట్టిగానే నిలదీసింది. జవాబు రాలేదు.

జవాబు రాకపోయేసరికి మిగిలిన కథ తానే రాయడం మొదలుపెట్టింది. వేసవి సెలవుల్లో ఇంటికొచ్చిన కూతురు నవ్యశ్రీ తల్లి ఫోన్లో కథలు రాసుకునే యాప్ ఒకటి పెట్టి, ‘తులసికోట’ అని ఒక కలం పేరు కూడా తగిలించి, తిరిగి గురుకులానికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. ప్రతి సోమవారం ఒక భాగం వచ్చేది. మొదట పన్నెండు మంది చదివారు. తొమ్మిది వారాలు తిరిగేసరికి చదివేవాళ్ళు నాలుగు వేలు దాటారు. ఆ నాలుగు వేలలో మమతారాణి సొంత అరుగు కూడా ఉంది.

పొద్దున పనులయ్యాక ఆమె ఇంటి అరుగు మీదే వీధిలోని ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. చేతులకు పనుంటుంది గాని చెవులకు ఉండదు. అందుకని ఇంటర్ చదివిన కోమల ఫోన్ ముందు పెట్టుకుని తులసికోట కథ పైకి చదివేది. అందరూ వినేవారు. మమతారాణి కూడా తాను రాసింది తానే మొదటిసారి వింటున్నట్టు ముఖం పెట్టి వినేది. అందరికంటే శ్రద్ధగా వినేది ఆమె అత్త శంకరవ్వ. శంకరవ్వకు చదువు రాదు. అందుకే ఒక్క మాట కూడా మరిచిపోదు.

కథకు ముగింపు మమతారాణి మనసులో మొదటి రోజే ఉంది. అభిరామ్ తిరిగి రాడు. చంద్రకళ తన కాళ్ళ మీద తాను బతుకుతుంది. మమతారాణి మేనత్త కొమురవ్వ హుస్నాబాద్‌లో అలాగే బతికింది. ఆమె భర్త దుబాయ్ పోయి ఉత్తరం లేదు, ఫోన్ లేదు. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన కొమురవ్వ ఒకరోజు ఎదురుచూడటం మానేసింది. పిల్లలను పెంచింది, రేకుల ఇల్లు తీసి స్లాబు వేసింది, కొన్నాళ్ళకు మళ్ళీ నవ్వింది కూడా. అలాంటి మనిషి కథ ఏ సీరియల్లోనూ రాలేదు. ఒక్కసారైనా రావాలని మమతారాణి కోరిక. ఆమె తనకోసం అడిగేవి తక్కువ. అడిగిన వాటిలో ఇదొకటి.

వీధి నల్లా దగ్గర బిందెల వరసలో నిలబడి, ఆ ముగింపు ఈ రోజు రాసేయాలని ఫోన్ తీసింది. అంతలో ముందున్న భూమవ్వ వెనక్కి తిరిగింది.

“తొమ్మిది వారాలాయె, గా తులసికోట పిలగాన్ని నీళ్ళల్లనే ఉంచింది. మనిషి నానిపోడా?”

“సంపుతదేమో అని నాకు బుగులైతుంది,” అంది పక్కనే బిందెతో నిలబడ్డ శంకరవ్వ. “సంపిందనుకో, గామె ఇల్లు ఏ ఊళ్ళె ఉన్నా ఎతుక్కుంట పోత.”

మమతారాణి ఫోన్ కొంగు చాటుకు తీసింది. “కథ గామెది గదా అత్తమ్మా. గామె ఇష్టం.”

“గామెదెట్లయితది? రాసుడొక్కటే గామె పని. ఏడ్సుడంత మాది.”

ఈ మాటకు వరసలో ఉన్న బిందెలన్నీ తలలూపినట్టే అనిపించింది. మమతారాణి ధైర్యం జారిపోయింది. తన డ్రమ్ము నిండేలోగా వేరే ఏదో ఒకటి రాయాలి, కొన్నాళ్ళు కథ కదలకూడదు, చదివేవాళ్ళకు మాత్రం కదిలినట్టుండాలి. అందుకని చంద్రకళ దగ్గరికి ఒక సాధువును పంపింది. ఏడు సోమవారాలు వ్రతం చేస్తే అభిరామ్ సంగతి తేలుతుందని ఆయన చేత చెప్పించింది. ఏడు వారాల్లో వీళ్ళ ఆవేశం చల్లబడుతుంది, అప్పుడు నెమ్మదిగా చంపవచ్చునని ఆమె ఆలోచన.

వ్రతానికి నియమాలు కావాలి కదా. చుట్టూ చూసింది. ఇంట్లో ఆ రోజు కూరకు కాకరకాయలున్నాయి. కాబట్టి నైవేద్యం కాకరకాయ బెల్లం కూర అయింది. పక్క వీధిలో సాంచాలు నడుస్తున్న చప్పుడు వినిపించింది. కాబట్టి నడుస్తున్న సాంచె మీది తెల్లనూలు ఏడు ముడులు వేసి చేతికి కట్టుకోవాలని రాసింది. ముందు రోజు పప్పులో ఉప్పు మరిచిపోయి అత్త చేత సాయంత్రమంతా మాటలు పడింది. కాబట్టి సోమవారం ఇంట్లో ఎవరూ ఉప్పు ముట్టరాదని రాసింది. రాశాక మనసుకు కొంచెం హాయిగా కూడా అనిపించింది.

తొమ్మిదింటికి అరుగు మీద కోమల ఆ భాగం చదివింది. శంకరవ్వ ఒళ్ళోని చాట పక్కన పెట్టింది.

“ఇగ మనం గూడ చేద్దాం. వచ్చే సోమవారం సంది.”

“అత్తమ్మా, గది కథ,” అంది మమతారాణి.

“ఏ వ్రతానికి కథ లేదు? కథ లేకుంట వ్రతం ఉంటదా?”

మమతారాణి దేవుడంటే భయం భక్తి ఉన్న మనిషి. ప్రతి ఏడూ వేములవాడ పోయి రాజన్నకు కోడె మొక్కు చెల్లించి వస్తుంది. పూజ పుస్తకాల్లోని వ్రత కథలు కూడా ఎవరో ఒకరు ఎప్పుడో ఒక పొద్దున కూర్చుని రాసినవే కదా అని ఆమెకు మొదటిసారి తోచింది. వాళ్ళ ఇంట్లో ఆ రోజు ఏ కూరగాయలుండేవో అని కూడా తోచింది. వెంటనే లెంపలు వేసుకుంది.

భూమవ్వ మోకాళ్ళ నొప్పులు తగ్గాలని మొక్కుకుంది. కోమల ఉద్యోగ పరీక్ష గట్టెక్కాలని మొక్కుకుంది. శంకరవ్వ ఏం మొక్కుకుందో చెప్పలేదు. మొక్కు బయటికి చెప్పకూడదని అంది.

మొదటి సోమవారం మధ్యాహ్నం, సాంచె నడిపే ఆమె భర్త సదానందం కార్ఖానా నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చాడు. కాకరకాయ బెల్లం కూరను ఒకసారి, భార్యను ఒకసారి చూసి, ఉప్పు మరిచిపోయావా అని మెల్లగా అడిగాడు.

“మరువలే,” అంది శంకరవ్వ లోపలినుంచి. “వ్రతం.”

“నేను పట్టలే గద అవ్వా.”

“ఇంట్ల ఒకరు పడితే అందరు పట్టినట్టే. కథల రాసి ఉన్నది.”

అవును, రాసి ఉంది. మమతారాణికి ఆ వాక్యం రాసినప్పటి హాయి ఇంకా గుర్తుంది.

రెండో వారం నుంచి యాప్‌లో ప్రశ్నలు మొదలయ్యాయి. తొక్కు పచ్చడి తినవచ్చా, అప్పడాల్లో ఉప్పు లెక్కకు వస్తుందా, పొరపాటున చేపల పులుసు వాసన చూస్తే వ్రతం చెడుతుందా అని నిర్మల్ నుంచి, చెన్నూరు నుంచి, ఎక్కడెక్కడి నుంచో అడుగుతున్నారు. జవాబు ఇవ్వడం ఒక గంట ఆలస్యమైతే, మేం ఆకలితో కూర్చున్నాం, మీకు బాధ్యత లేదా అని కోప్పడుతున్నారు. సైంధవ లవణమైనా వాడుకోవచ్చా అని ఒకావిడ అడిగితే, ఆ పొద్దున ఉప్పులేని జొన్న గట్క తిని విసిగి ఉన్న మమతారాణి, వీల్లేదు అని రాసింది. రాశాక, తన ఇంటికి కూడా దారి మూసేసుకున్నానని తెలిసింది.

మస్కట్‌లో మేస్త్రీ పని చేసే హనుమండ్లు అనే పాఠకుడు ఇంకో రకం. సోమవారం మాకు డ్యూటీ ఉంటుంది, సెలవు శుక్రవారం, కాబట్టి భాగం శుక్రవారమే వేయాలి, మా క్యాంపులో పద్దెనిమిది మందిమి అని అతను వారం వారం రాసేవాడు. సోమవారాల వ్రతం శుక్రవారం ఎలా కుదురుతుందని ఆమె అడిగితే, అది మీరు రాసేటప్పుడు చూసుకోవాలి అన్నాడు.

మూడో వారం శంకరవ్వ, కోమల కలిసి శివాలయం పూజారి భానుప్రసాద్ శర్మ దగ్గరికి వెళ్ళారు. ఈ వ్రతం గురించి చెప్పమన్నారు. శర్మ చిన్న వయసువాడు, కొత్తగా వచ్చినవాడు. తెలియదని ఒప్పుకుంటే ఇంకో గుడికి పోతారేమోనని ఆయన భయం. ఇది చాలా ప్రాచీనమైన వ్రతమనీ, ఇప్పటివాళ్ళు మరిచిపోయారనీ చెప్పాడు. అంతటితో ఆగకుండా, ఏడో సోమవారం గుడిలో ఉద్యాపన చేయాలనీ, వ్రతఫలం చదివి వినిపించేదాకా ఎవరూ అన్నం ముట్టరాదనీ కలిపాడు.

ఆ సాయంత్రం అరుగు మీద మమతారాణి పక్కనే కూర్చుని కోమల యాప్‌లో ఒక వ్యాఖ్య రాసింది. తులసికోట గారికి ఉద్యాపన సంగతే తెలియదు, మా అయ్యగారికి తెలుసు, తెలియనివాళ్ళు వ్రతాల జోలికి పోకూడదు అని రాసి, అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూడమని ఫోన్ మమతారాణికే ఇచ్చింది. మమతారాణి రెండు తప్పులు దిద్ది ఇచ్చింది. తర్వాతి భాగంలో చంద్రకళకు కూడా ఉద్యాపన గుర్తుకు వచ్చింది.

నాలుగో వారం గొడవ కార్ఖానాకు చేరింది. నూలు నడుస్తున్న సాంచె మీదిది కావాలి. నడుస్తున్న సాంచె మీద పోగు తెంపాలంటే సాంచె ఆపాలి. సదానందం మంచివాడు, అడిగితే కాదనడు అని వీధిలో పేరు. అందుకని సోమవారం పొద్దున ఆడవాళ్ళందరూ అతని దగ్గరికే వచ్చారు. ఒక్కొక్కరికీ సాంచె ఆపడం, పోగు తెంపడం, మళ్ళీ అతికించి నడపడం. కార్ఖానా నడిపే ఆసామి పర్శరాములు చూసి కేకలేశాడు. ఇది కార్ఖానానా, గుడినా అని అడిగాడు. వచ్చే సోమవారం ఒక్క ఆడది గడప తొక్కినా సదానందాన్ని పనిలోంచి తీసేస్తానన్నాడు. తర్వాతి సోమవారం అందరికంటే ముందు గడప తొక్కింది పర్శరాములు భార్య. ఆ రోజు సాంచె ఆయనే ఆపాడు. చెప్పులు కూడా విడిచాడు.

ఇంటికొచ్చిన సదానందం అరుగు మీద కూలబడి చేతులు చూసుకున్నాడు. అప్పటిదాకా తులసికోట తానేనని భర్తకైనా చెప్పేద్దామని మమతారాణి రెండు మూడు సార్లు నోరు తెరిచింది. ఈసారి పక్కన కూర్చుని మొదలుపెట్టబోయింది.

“గా రాసేటామె నాకు ఒక్కసారి దొరకాలె,” అన్నాడు సదానందం.

“దొరికితే?”

“ఏమనను. ఒక్క సోమవారం సాంచె నడుపుమంట.”

ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఆరో సోమవారం దేవుడి గూటి ముందు చేతికి దారం కట్టుకుంటూ మమతారాణి ఒక సంగతి గమనించింది. తాను నిజంగానే మొక్కుకుంటోంది. ముగింపు నేను అనుకున్నట్టు రాసే ధైర్యం ఇవ్వు రాజన్నా అని. తానే కల్పించిన వ్రతానికి తానే కోరిక కోరుకుంటే దాన్ని అబద్ధమనాలా, నిజమనాలా? అరుగు మీద ఇంతమంది ఉప్పు మానేసింది నిజం. వాళ్ళు దండం పెట్టింది నిజం. రేపు తాను అభిరామ్‌ను చంపితే దేవుడు వాళ్ళ మాట వినలేదని అనుకుంటారు. నేరం తనది, మాట పడేది రాజన్న. అది ఆమెకు నచ్చలేదు. అలాగని వాళ్ళు అడిగారని అతన్ని బతికిస్తే, కొమురవ్వ కథ ఈసారి కూడా ఎవరూ చెప్పరు. గూట్లోని దీపం దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించింది. చివరికి, అందరి ముందు నిజం చెప్పి, తన ముగింపు తానే చదవాలని తీర్మానించుకుంది.

ఏడో సోమవారం శివాలయం మండపంలో నలభై మంది ఆడవాళ్ళు పీటల మీద కూర్చున్నారు. వెనక స్తంభాల దగ్గర వాళ్ళ మగవాళ్ళు. పర్శరాములు ఆ పూట సాంచాలన్నీ బంద్ పెట్టించాడు కాబట్టి కార్మికులందరూ వచ్చారు. ఫలం విన్నాక వ్రతం విడుస్తారు కాబట్టి పక్కన గంగాళంలో ఉప్పు వేసిన పులిహోర ఉంది. ఆ వాసన మండపమంతా తిరుగుతోంది. పూజ అయింది. శర్మ హారతి ఇచ్చి, ఇక వ్రతఫలం చదవాలి అన్నాడు.

కోమల ఫోన్ తీసింది. పైకి జరిపింది, కిందికి జరిపింది. తులసికోట కొత్త భాగం వేయలేదు.

పది నిమిషాలు ఆగారు. ఇరవై నిమిషాలు ఆగారు. ఫలం చదవకుండా అన్నం ముట్టరాదని నియమం. నియమం పెట్టిన శర్మే పులిహోర వైపు రెండుసార్లు చూశాడు. గుంపులో గొణుగుడు లేచింది. ఇంత నమ్మించి ఇప్పుడు ఎక్కడికి పోయిందని ఒకరు, ఇలాంటివాళ్ళను పోలీసులకు పట్టించాలని ఒకరు.

మమతారాణి పీట మీంచి లేచి నిలబడింది.

“గా తులసికోట నేనే.”

భూమవ్వ నవ్వింది. “కూరల ఉప్పెయ్యనే నీకు యాదికుండదు. నువ్వు కథలు రాస్తవా?”

మమతారాణి ఫోన్ తెరిచి ముగింపు పైకి చదివింది. నదిలో అభిరామ్ దొరకలేదు. చంద్రకళ ఏడ్చింది. తర్వాత ఒకరోజు ఏడవలేదు. బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకుని కుట్టు మిషను పెట్టుకుంది. గది తాళం తీస్తూ, ఈ తాళం చెవి నాది అనుకుంది. అంతే. చదివి, అందరూ చూస్తుండగానే యాప్‌లో వేసింది. కోమల చేతిలోని ఫోన్ టింగుమంది. తులసికోట కొత్త భాగం వచ్చిందని అందులో కనిపించింది. కోమల గబగబా చూసింది. అక్షరం తేడా లేదు.

ఇంతకన్నా రుజువు ఏం కావాలి? మమతారాణి ఊపిరి పీల్చుకుంది.

కోమల మాత్రం తల అడ్డంగా ఊపింది. “గిది తులసికోట రాసింది కాదు.”

“నేనే రాసిన కోమలా. నీ ముంగటనే ఏసిన.”

“వదినా, గామె రాసినయన్ని రెండేసి సార్లు సదివిన. గామె మనసు నాకు తెల్సు. గామె అభిరామ్‌ను సంపదు.” కోమల అందరి వైపు తిరిగింది. “గామె ఫోన్ల ఎవరో దూరిన్రు. ఓటీపీ అడిగి అన్ని గుంజుకుంటున్నరని టీవీల చెప్తలేరా? పాపం, తులసికోటకు గట్లనే అయ్యింది.”

ఈ వివరణ మండపానికి బాగా నచ్చింది. తులసికోట మీద జాలి పుట్టింది. కాని జాలి తర్వాత దొంగ ఎవరనే ప్రశ్న పుట్టింది. ఖాళీ కడుపులతో ఉన్న నలభై మంది కళ్ళు ఒక్కసారిగా మమతారాణి చేతిలోని ఫోన్ మీద పడ్డాయి. ఆ ఫోన్ ఇటివ్వమని పర్శరాములు భార్య చెయ్యి చాపింది.

శంకరవ్వ ఇద్దరి మధ్యకు వచ్చింది. “మా కోడలికి ఓటీపీ అంటేనే తెల్వది. ఏడు వారాల సంది ఉప్పు లేదు, నిన్నటి సంది తిండి లేదు. తల తిరిగి ఏదో మాట్లాడుతుంది. జర కూసోబెట్టుండ్రి.”

భూమవ్వ జాలిపడి కొంగుతో విసిరింది. మమతారాణిని పీట మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించారు.

ఇక ఫలం సంగతి మిగిలింది. తులసికోట కష్టంలో ఉంది కాబట్టి ఆమె తరఫున మనమే చెప్పుకుందామని కోమల అంది. శర్మ వెంటనే శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. అభిరామ్‌ను చెన్నూరు దగ్గర చేపలు పట్టేవాళ్ళు వలలో లాగారని భూమవ్వ చెప్పింది. అతనికి గతం మరుపు వచ్చిందని పర్శరాములు భార్య చెప్పింది. గతం మరిస్తే ఇంకో ఏడు వారాలు పడుతుందని ఎవరో భయపడ్డారు. ఆ మరుపు తీసేశారు.

“ఎవరన్న జల్ది ఒడ్డుకు ఎక్కియ్యిండ్రి,” అన్నాడు సదానందం వెనకనుంచి. “మాకు ఆకలైతుంది.”

పదహారు వారాలు నీళ్ళలో ఉన్న మనిషి ఏడు నిమిషాల్లో ఇంటికొచ్చాడు. చంద్రకళ చేతి దారం చూసి అన్నీ అర్థం చేసుకున్నాడు. మండపంలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. అక్షింతలు వేసుకుని విస్తళ్ళ ముందు కూర్చున్నారు. మమతారాణి కూడా తింది. ఓడిపోయిన పూట కూడా పులిహోర అంత రుచిగా ఉంటుందని ఆమెకు తెలియదు.

సాయంత్రానికి కోమల ‘నిజమైన ముగింపు’ అని పేరు పెట్టి మండపం కథను యాప్‌లో వేసింది. తులసికోట వేసిన దానికంటే దానికే ఎక్కువమంది వచ్చారు. తులసికోటను, ఆమె వేషం వేసుకొచ్చిన వాళ్ళ చేతిలోంచి విడిపించాలని నిర్మల్ నుంచి ఒకావిడ పిలుపునిచ్చింది. మస్కట్ హనుమండ్లు ఒక్కడే, ఎవరు రాసినా ఫరవాలేదు, శుక్రవారం వేయండి అన్నాడు.

మరునాడు పొద్దున ఇంకా ఎవరూ రాకముందు మమతారాణి అరుగు ఊడుస్తోంది. శంకరవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, ఇటు రమ్మని పిలిచింది.

“నిన్న సదివింది మళ్ళ సదువు. గా లొల్లిల సరిగ ఇనరాలే.”

మమతారాణి చీపురు గోడకు ఆనించింది. “నీకు ఎప్పటిసంది తెల్సు అత్తమ్మా?”

“నల్లా కాడ నువ్వు ఫోన్ల గీకిన పొద్దల్ల కోమల సదువుడు ఉంటది. గీకని పొద్దు ఉండది. నాకు సదువు రాదు గని, గింత తెల్వదా?”

“మరి ఎందుకు చెప్పలే? ఏడు వారాలు నాతోని ఉప్పు లేకుంట తినిపిస్తివి.”

“చెప్తే నువ్వు సిగ్గుపడి రాసుడు బంద్ చేస్తువు. నాకు కథ ఎట్ల?” శంకరవ్వ గొంతు తగ్గించింది. “నేను మొక్కింది గూడ గా అభిరామ్ కోసమే. బతికిండు, నా మొక్కు తీరింది. ఇగ నీ కథల సచ్చినా నాకు పాపం లేదు. సదువు.”

మమతారాణి పక్కన కూర్చుని చదివింది. చంద్రకళ ఏడ్చిన చోట శంకరవ్వ ఏడ్చింది. ఏడవడం మానేసిన చోట తానూ మానేసింది. తాళం చెవి దగ్గరికి వచ్చేసరికి కోడలి ముఖం వైపు తిరిగింది.

“గిది మీ హుస్నాబాద్ కొమురవ్వ గదా.”

“అవునత్తమ్మా.”

“గట్లనే ఉంటది గామె. మంచిగ రాసినవ్.”

ఏడు సోమవారాలు తాను మొక్కుకున్నది ఇదేనేమో అని మమతారాణికి అనిపించింది. నాలుగు వేల మంది కాదన్నా ఒక్కరు విన్నారు. కళ్ళు తుడుచుకుని ఫోన్ పక్కన పెట్టబోయింది.

“తర్వాత?” అంది శంకరవ్వ.

“తర్వాత ఏం లేదు. ఐపోయింది.”

“ఎట్లయిపోతది? దుకాణం పెట్టింది, తాళం తీసింది. గిరాకీ వచ్చిందా, రాలేదా? అది చెప్పకుంట నన్ను గిట్ల కూసోబెడుతవా?”

చెప్పకపోవడం తన ఇష్టమని మమతారాణి అనబోయింది. అత్త ముఖం చూసి ఫోన్ మళ్ళీ తీసింది.

కోమల చాట పట్టుకుని వచ్చేలోగా చంద్రకళ దుకాణానికి మొదటి గిరాకీ వచ్చింది. వచ్చినామె, జాకెట్టు తాను చెప్పినట్టు కుట్టలేదని గొడవకు దిగింది.